మామిడి తోపులో టార్పన్

వేప్పనపల్లి నుంచి కుప్పం వైపు పోయే బస్సు మా ఊరి మలుపు తిరిగేటప్పుడు, కుడివైపు కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళు మెడలు చాపుతారు. మామిడి చెట్ల నడుమ తెల్లటి అడుగు, దాని మీద మోకాలి లోతు నీళ్ళు, గాజు పలకలా మెరుస్తూ కనిపిస్తాయి. ఏదో కంపెనీ వచ్చిందనుకుంటారు కొందరు. అది సముద్రం. నా మేనల్లుడు ఉదయ్ కుమార్ అలాగే అంటాడు. దాంట్లో లారీ ఉప్పు పోసింది నేను.

ఉప్పు పోయకముందు ఆ పల్లపు మడిలో మా నాయన నాటిన బెంగళూరా మామిడి చెట్లు ఉండేవి. కాపు విరగకాసిన ఏడే పల్ప్ ఫ్యాక్టరీవాళ్ళు గేటు మూసుకున్నారు. కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. కాయ కారింది, ఈగలు ముసిరాయి, చివరికి ఎవరి కాయ వాళ్ళం రోడ్డు పక్కన కుమ్మరించి వచ్చాం. ఆ గేటు దగ్గర నీడలో కుర్చీ వేసుకొని కూర్చున్న సూపర్‌వైజర్ వచ్చే ఏడు మేమేం నాటాలో సలహా చెప్పాడు. కాయ కొనేవాడు లేకపోయినా సలహాకు మాత్రం ఏ ఏడూ కరువు రాదు.

మా అన్న రామకృష్ణప్ప పదో తరగతి దాటాడు. నేను ఏడులో ఆగిపోయి ఎనుముల వెంట పోయాను. అందుకని భూమి ఇద్దరిదీ అయినా మాట మాత్రం ఆయనదే. బోరు ఎక్కడ వెయ్యాలి, ఏ మందు కొట్టాలి, కాయ ఎప్పుడు కొయ్యాలి అన్నీ ఆయన చెబుతాడు, నేను పోయి చేస్తాను. బోరులో నీళ్ళు పడితే ఆయన చూపించిన చోటు మంచిది. పడకపోతే నా చెయ్యి మంచిది కాదు. ఈ లెక్క మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా నడుస్తోంది.

కాయ పారబోసిన ఏడే ఉదయ్ కుమార్ తిరిగి వచ్చాడు. మా అక్క కొడుకు. అండమాన్‌లో పడవలవాళ్ళ దగ్గర పనిచేసి, ఎండకు నల్లబడి, చేపల మాట తప్ప వేరే మాట లేకుండా వచ్చాడు. విమానాలెక్కి వచ్చేవాళ్ళు అక్కడ మోకాలి లోతు సముద్రంలో పొద్దంతా నిలబడతారట. ఈకలు కట్టిన గాలం విసిరి, చేప పడితే ఫోటో తీసుకొని, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారట. తిండి ఎక్కువైనవాళ్ళు చేసే పని అన్నాను.

"తిండి కోసం కాదు మామా," అన్నాడు వాడు. "సముద్రం పోటు వచ్చేటప్పుడు పెద్ద చేపలు లోతు వదిలి మోకాలి లోతుకు మేతకు వస్తాయి. తోక బయటికి కనబడతా ఉంటుంది. నువ్వు దాన్ని చూస్తా ఉండావు, అది నిన్ను చూస్తా ఉండాది. నీ నీడ పడితే చాలు, ఇంక ఆడ ఉండదు. అట్లాంటిదాన్ని ఏమార్చి పట్టేదే ఆట."

రాత్రి పొయ్యి దగ్గర కూర్చొని బోన్‌ఫిష్, పర్మిట్, ట్రెవల్లీ, టార్పన్ అని ఒక్కొక్క పేరు చెబుతూ, అది ఎలా పోతుందో చేత్తో చూపించేవాడు. బోన్‌ఫిష్‌కు గాలం తగిలితే రీలులో ఉన్న దారమంతా ఊడ్చుకుపోతుందట. పర్మిట్ ముందుకొచ్చి, ఎరను తేరిపార చూసి, నీ మొహానికి ఇదొకటా అన్నట్టు వెనక్కి తిరుగుతుందట. టార్పన్ అయితే గాల్లోకి లేస్తుందట, మళ్ళీ మళ్ళీ లేస్తుందట. నా భార్య చిన్నమ్మ సంగటి కెలకడం ఆపి వినేది. నేను వినడం లేదన్నట్టు బీడీ కాల్చుకుంటూ ప్రతి మాటా విన్నాను.

అలాంటి నీళ్ళు మన ఊళ్ళోనే చేద్దామన్న వాడి ఆలోచన వెనుక ఒక మనిషి ఉంది. పేరు అర్పిత. హోసూరు బజారులో కిరాణా మండీ పెట్టిన అశ్వత్థనారాయణ శెట్టి మనవరాలు. బెంగళూరువాళ్ళను గుంపుగా దీవులకు తీసుకుపోయి ఈ చేపలాట నేర్పిస్తుంది. కొత్తవాళ్ళు అక్కడికి పోయి, నీళ్ళలో నడవడం రాక, గాలం విసరడం రాక, చేపలన్నిటినీ బెదరగొట్టి ఒట్టి చేతులతో తిరిగి వస్తున్నారట. బెంగళూరుకు దగ్గరలో అలాంటి నీళ్ళు, అలాంటి బెదురు చేపలు ఎవరైనా తయారుచేస్తే తన మనుషులందరినీ ముందు అక్కడికే తెస్తానని ఉదయ్‌కు చెప్పింది. నీళ్ళు ఎన్నయినా చెయ్యవచ్చు, చేప మాత్రం అడవిదిలా ఉండాలని మరీ మరీ చెప్పిందట.

పల్లపు మడిలో చెట్లు తీసేసి గుంట చేద్దామని నేను అంటే అన్న నన్ను ఎగాదిగా చూశాడు. అంత పెద్ద మాట నా నోటి నుంచి రావడం ఆయనకు కొత్త. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"ఆ శెట్టోళ్ళ అమ్మి వచ్చి చూసి సరే అంటే నీ గుంట నీది," అన్నాడు. "కాదంటే కట్ట తెగ్గొట్టి మళ్ళీ అంటు మొక్కలు నాటాల. ఆ పైన ఈ నేలలో ఏం చెయ్యాలనేది నువ్వు నోరెత్తి అడగకూడదు."

నేను సరే అన్నాను. పోగొట్టుకునే మాట అప్పటికి నాకెక్కడుంది గనక.

పని మొదలుపెట్టాక మాత్రం ఒంట్లో ఏదో పూనినట్టయింది. మోకాలి లోతు తవ్వించాం. నేలలోకి ఉప్పు దిగకుండా మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచాం. దాని మీద గ్రానైట్ క్వారీల నుంచి తెల్ల పొడి తెచ్చి పోశాం. కృష్ణగిరి జిల్లాలో దేనికి కరువున్నా రాతిపొడికి లేదు. ఉప్పు మాట కూడా కలిసొచ్చింది. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర వానలో తడిసిపోయిన లోడును కొన్నవాళ్ళు వద్దంటే, ఆ డ్రైవరు తల పట్టుకొని కూర్చున్నాడని తెలిసి, లారీని నేరుగా మా తోపుకే తిప్పించాను. ఆ రోజు ఊరు ఊరంతా వచ్చి నీళ్ళు వేలితో నాకి చూసింది.

బోన్‌ఫిష్, పర్మిట్ మా నీళ్ళలో బతకవన్నాడు ఉదయ్. తక్కువ ఉప్పులో కూడా బతికేవి రెండు. ఒకటి పాలబొంత, తమిళంలో పాల్ కెండె అంటారు. పాచి తింటుంది, పిరికిది, గాలం పడితే మాత్రం ఆగదు. రెండోది టార్పన్. పులికాట్ వలలవాళ్ళ దగ్గర చిన్న పిల్లలుగా కొని, ఆక్సిజన్ నింపిన కవర్లలో టమోటా వ్యానులో తెచ్చాం. మళ్ళీ మామిడి పూతకొచ్చి కాయ దిగేసరికి అవి మూరెడు పొడవయ్యాయి. పొద్దున పూట టార్పన్ నీళ్ళ మీదికి వచ్చి, గుటుక్కున గాలి మింగి, వెన్ను మెరిపించి మునిగేది. కొత్త స్టీలు తట్టను ఎండలో తిప్పినట్టుండేది. అది చూడడానికి నేను కాఫీ కూడా తాగకుండా పోయి దూరంగా చెట్టు చాటున నిలబడేవాడిని. ఎవరైనా చూస్తే కొంగల్ని తోలడానికి వచ్చానని చెప్పేవాడిని.

అర్పిత వచ్చిన రోజు జీపు శబ్దానికే నేను రోడ్డు దాకా పరుగెత్తాను. పొడుగ్గా, టోపీ పెట్టుకొని, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటుతో దిగింది. అన్న అప్పటికే తెల్ల పంచె కట్టుకొని వచ్చి, గట్టుకు అవతల మామిడి పాదు దగ్గర నిలబడి ఉన్నాడు. అంటు మొక్కలకు నర్సరీలో చెప్పేసి వచ్చానని నాకు వినబడేలా ఉదయ్‌తో అన్నాడు.

చిన్నమ్మ ఆ పిల్లను చూసి ముచ్చటపడి, ఏ చేప ఇష్టమని అడిగింది. చేప ఎప్పుడూ తినలేదని, ఇంట్లో గుడ్డు కూడా వండరని అర్పిత చెప్పింది. తినని చేపను పట్టేదెందుకమ్మా అని చిన్నమ్మ అడిగితే, పట్టినాక దాని మొహం దగ్గర్నుంచి చూడొచ్చు కదా ఆంటీ అంది. చిన్నమ్మ ఆ జవాబును చాలాసేపు నమిలింది.

అర్పిత గట్టు మీద కూర్చొని నీళ్ళను చూసింది. తెల్ల అడుగు మీద పాలబొంతల నీడలు బూడిద రంగులో కదులుతున్నాయి. దూరంగా ఒక టార్పన్ గాలి మింగింది. ఆ పిల్ల లేచి నిలబడింది. నాతో పాటు చెట్టు నీడలో నిలబడ్డ ఉదయ్ నా చెయ్యి పట్టుకొని నలిపేశాడు. ఆమె రాడ్ బిగించి, దారం దూర్చి, ఈకల గాలం కట్టింది. చేపకు గాయం కాకుండా, కొన వెనుక ఉండే ఎదురుముల్లు నున్నగా నొక్కేసిన గాలం. అప్పుడు చిన్నమ్మ బుర్రలో ఏముందో గానీ, కాఫీ గ్లాసులు పెట్టుకొని స్టీలు తట్ట పట్టుకొని గట్టెక్కింది. గ్లాసు తట్టకు తగిలి టంగుమంది.

గుంటలో ఉన్న చేపలన్నీ ఒక్కసారి తిరిగాయి.

ఆ మూల నుంచి, ఈ మూల నుంచి, నీళ్ళు కోసుకుంటూ చిన్నమ్మ కాళ్ళ దగ్గరికి వచ్చిపడ్డాయి. పాలబొంతలు నోళ్ళు తెరిచి గట్టును నాకుతున్నాయి. టార్పన్లు సైతం ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ నిలబడ్డాయి. చిన్నమ్మ అలవాటుగా "బా, బా" అంది. ఆ మాటతో అంతా తెలిసిపోయింది. ఆవుదూడల్ని పిలిచినట్టు తట్ట వాయించి, మిగిలిన సంగటి ముద్దలు వీటికి వేస్తోంది ఇన్నాళ్ళూ. టార్పన్లు సంగటి ముట్టవట, వాటికి వేరేగా ఎండురొయ్యల పొడి కలిపి వేస్తోందట. మా ఇంట్లో ఏ జీవాన్నయినా పెంచడమంటే అంతే. పిలిస్తే రావాలి, చేతిలోది తినాలి.

అర్పిత రాడ్ దించింది. నీళ్ళలో ఒక కాలు పెట్టింది. ఒక పాలబొంత వచ్చి ఆమె కాలివేలిని చప్పరించింది.

"ఇవి దూడలు అంకుల్," అంది, నెమ్మదిగా. "వీటి మీద నేర్చుకున్నోళ్ళు ఆడికి పోయి ఏం చేస్తారు?"

ఉదయ్ గట్టు మీద చతికిలబడ్డాడు. అవతల నుంచి అన్న నవ్వు వినబడింది. పెద్దగా కాదు, ముక్కుతో. ఆయన నవ్వడానికి అంతకంటే శ్రమ పడడు. అర్పిత రాడ్ విప్పడం మొదలుపెట్టింది. నాకు తల నుంచి కాళ్ళ దాకా మండిపోయింది. చెట్లు పోయాయి, ఊరంతా ఉప్పు నాకి నవ్వింది, ఇప్పుడు సంగటి ముద్ద దగ్గర అంతా ముగిసింది. చిన్నమ్మ చేతిలోని తట్ట లాక్కోవడానికి చెట్టు నీడ వదిలి గట్టు వెంబడి ఆమె వైపు పరుగెత్తాను.

నా నీడ నీళ్ళ మీద పడింది.

నీళ్ళు పేలాయి. నేను చిన్నమ్మను చేరకముందే అక్కడ ఒక్క చేప లేదు. తెల్ల పొడి పొగలా లేచింది, ఆ పొగలో గీతలు గీతలుగా అవతలి మూలకు పారిపోయాయి. రాడ్ విప్పుతున్న అర్పిత చెయ్యి ఆగింది.

"ఏం చేసినారు మీరు?"

నేనేమీ చెయ్యలేదన్నాను. నిజమే. కానీ కొంగల్ని నిజంగానే తోలేది కూడా నేను. రోజూ పొద్దున్నే పొడుగు వెదురు కర్రతో నీళ్ళు బాదుతూ, మట్టిపెళ్ళలు విసురుతూ, నోటికొచ్చినట్టు తిడుతూ ఆ గట్టు చుట్టూ తిరిగేది నేనే. కొంగలకు బెదురు పుట్టిందో లేదో తెలియదు, చేపలకు మాత్రం నేనంటే యముడు. చిన్నమ్మ తట్టకు వచ్చేవి, నా నీడకు పోయేవి.

"ఇంకొకసారి నడవండి అంకుల్," అంది అర్పిత.

నడిచాను. గట్టు పొడవునా చేపల మంద నాకంటే ముందు జరిగిపోయింది. ఆమె కళ్ళు మారిపోయాయి. చిన్నమ్మను తట్టతో సహా ఇంటికి పంపించమంది. అంతా ఊపిరి బిగబట్టి కూర్చోవాలంది. నేను మాత్రం పడమటి గట్టు మీద నిలబడాలట. చేపలు నన్ను తప్పించుకొని తూర్పు వైపే తిరుగుతాయి, అక్కడ ఆమె వంగి, అడుగులో అడుగు వేసుకుంటూ నీళ్ళలోకి దిగింది. నీళ్ళు కదలలేదు. కొంగ కూడా అంత నెమ్మదిగా నడవదు.

మొదటి విసురు చేప తల మీద పడింది. మంద మొత్తం చెదిరిపోయింది. ఆమె తనలో తనే ఏదో తిట్టుకుంది. రెండోసారి దారం తల మీద వెనక్కి, ముందుకు మెలికలు తిరిగి, చాలా ముందు పడింది. ఒక టార్పన్ దాని వెంట వచ్చి, ఈకలను చూసి, పక్కకు తిరిగిపోయింది. ఒక చేప మమ్మల్ని కాదనడం చూసి అంత ఆనందం కలుగుతుందని నాకు తెలియదు. నేను అరవకుండా ఉండడానికి కండువా నోట్లో కుక్కుకున్నాను.

మూడో విసురును చేప అందుకుంది.

రీలు కీచుమని అరిచింది. దారం నీళ్ళను రెండుగా చీల్చుకుంటూ ఉత్తరం మూలకు పోయింది, అక్కడ తిరిగి దక్షిణానికి వచ్చింది. అర్పిత మోకాలి లోతు నీళ్ళలో పరుగెడుతోంది, టోపీ ఎక్కడో పడిపోయింది. చేప లేచింది. నిలువెత్తున, మొప్పలు తెరుచుకొని, తల గిలక్కాయలా ఊపుతూ లేచింది. దాని ఒంటి నుంచి నీళ్ళు ఊడిపడడం నాకు కనిపించింది. అది లేచినప్పుడల్లా ఆమె దండం పెట్టినట్టు ముందుకు వంగి దారం వదులు చేసేది. మళ్ళీ లేచింది. ఉదయ్ తమిళంలో, తెలుగులో, ఇంకేదో భాషలో గొణుగుతున్నాడు. అన్న ఎప్పుడు వచ్చాడో, మామిడి పాదు వదిలి గట్టు అంచుకు వచ్చి నిలబడి ఉన్నాడు.

చేప ఆ గట్టు వైపే పోయింది. అక్కడ నీళ్ళు అయిపోయాయి. చేప ఆగలేదు. గట్టు మీదుగా, అన్న భుజం పక్కగా ఎగిరి, మామిడి పాదులో ఎండుటాకుల మీద పడింది. కొమ్మకు చుట్టుకున్న దారం పుటుక్కున తెగింది.

నేను గుంటకు ఈ కొసన ఉన్నాను, ఉదయ్ ఆ కొసన. దగ్గరున్నది అన్న ఒక్కడే. చేప దుమ్ములో ఎగిరెగిరి కొట్టుకుంటోంది. గుంట వద్దన్న మనిషి ఆయన. నాకు ఆ క్షణంలో వేరే ఏ మాటా తోచలేదు, ఆయన చూస్తూ ఊరుకుంటాడనే అనుకున్నాను.

ఆయన దాని మీద పడిపోయాడు. రెండు చేతులా ఎత్తుకొని గుండెకు అదుముకున్నాడు. అది తోకతో ఆయన దవడ మీద కొట్టింది. అయినా వదలకుండా, గట్టెక్కి, తెల్ల పంచెతో సహా నీళ్ళలో కూలబడ్డాడు. ఉదయ్ పరుగెత్తుకొచ్చి, ఒదిలెయ్యవద్దు పెదమామా, తల ముందుకు పెట్టి ముందుకు వెనక్కి ఆడించు అని చెబుతుంటే, ఆయన చిన్న పిల్లకు నీళ్ళు పోసినట్టు ఆడించాడు. అర్పిత వచ్చి దాని నోట్లోంచి ఈకల గాలం తీసేసింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత చేప తల పైకెత్తి, గుటుక్కున గాలి మింగింది. ఆయన చేతుల్లోంచి జారి, మెల్లగా, తర్వాత జోరుగా, మందలోకి పోయింది.

అర్పిత నీళ్ళలోనే కూర్చొని నవ్వుతోంది. మోచేతి దాకా బురద. వచ్చే ఆదివారమే నలుగురిని తెస్తానంది. గట్టు ఇంకొంచెం లేపాలి, వల కట్టాలి, తట్ట మాత్రం ఈ గట్టు మీదికి రాకూడదు.

"పొద్దున్నే తిట్టేది మాత్రం ఆపొద్దు అంకుల్," అంది నాతో. "మీరు రోజూ వచ్చి ఇట్లనే నడవాల. మీ మొహం చూసినన్ని దినాలూ ఇవి అడివి చేపలే."

నా మొహం ఒకరికి పనికొచ్చింది. ఉదయ్ నన్ను పట్టుకొని గిరగిరా తిప్పాడు, నా చెప్పు ఒకటి గుంటలో పడింది.

అన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. నడుము దాకా తడిసిన పంచె తామరాకులా చుట్టూ తేలుతోంది. దవడ మీద తోక దెబ్బ ఎర్రగా కందింది. చేప పోయిన వైపే చూస్తున్నాడు.

"ఆ అమ్మిని ఇంకొకసారి ఎయ్యమను శేషా," అన్నాడు నాతో. "ఈడ నుంచి చూస్తాను."

చేపలు అలిసిపోయాయని, ఎండ ముదిరిందని, సాయంత్రం దాకా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదని నేను చెప్పాను. గట్టెక్కమన్నాను. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దాని వెనుక ఎప్పుడూ ఒక మాట వస్తుంది. ఈసారి రాలేదు. పంచె పిండుకుంటూ లేచి, నేను చెయ్యి చూపించిన చోటి నుంచే గట్టెక్కాడు.